కె అన్న ఒక్క అక్షరం

ఇతయనగి
నవంబరు 6, 1997

నాగుమొ యూరి గారికి,

ఇసాము తల్లి మికామి కియొ రాయునది.

మీరు పంపిన పాటల సీడీ అందింది. మీ చీటీని తోట యజమానురాలు చదివిపెట్టింది. నాది ఆరో తరగతి చదువు. అదీ తమ్ముణ్ణి వీపున కట్టుకుని కూర్చున్న చదువు. గీతలెక్కువ ఉండే కష్టమైన అక్షరాలు నాకు రావు. ఈ ఉత్తరం మాత్రం ఎవరిచేతా రాయించకుండా నేనే రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకోండి, నాకేం.

మీరు, మావాడు, ఇంకో ఇద్దరు కలిసి "తడి చెప్పులు" అని పేరు పెట్టుకుని తోక్యోలో నాలుగేళ్లు వాయించారు. మనుషులు పెట్టుకునే పేరేనా అని అప్పుడే అన్నాను. ఆ నాలుగేళ్లూ ఎవరూ వినలేదు. ఫిబ్రవరిలో వాడు పోయాడు. సెప్టెంబరులో మీ మొదటి ఆల్బం వచ్చింది. ఇప్పుడు అందరూ వింటున్నారు. సంతోషం అని రాయాలని తెలుసు. చెయ్యి కదలడం లేదు.

సీడీ వాయించే పెట్టె మా ఇంట్లో లేదు. అయినా వినకుండా తప్పించుకోలేకపోయాను. మొన్న మధ్యాహ్నం షెడ్డులో ఆపిల్ పళ్లు సైజుల వారీగా ఏరుతుంటే రేడియోలో డ్రమ్ములు మోగాయి. ఆపైన ఒక ఆడగొంతు "కె! కె! కె!" అని అరిచింది. మీ గొంతే. ఆడవాళ్లంతా చేతులు ఆపి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకటే నవ్వు. తోక్యో పిల్ల నోట మా పల్లె మాట! మా దగ్గర కంచం ముందు పెట్టి "కె" అంటే తిను అని.

నా పక్కన పనిచేసే సుయె అక్క నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏటే కియొ, ఇది నీ కొడుకు పాటంట కదా! దేశాన్నంతా తినమంటన్నాడు. నువ్వేటి మొహం అలాగ ఎట్టుకున్నావు?"

"నా మొహం ఎప్పుడూ ఇంతే."

"నవ్వవే కూసింత. టీవీలో నూడిల్సుకి కూడా ఇదే పాటంట. మా మనవలు బువ్వ కాడ కూకుంటే సాలు, తినే పుల్లలు పైకెత్తి కె, కె అని ఒకటే గోల. దాని పుణ్యమా అని పాసిపోయిన ముల్లంగి కూడా తినేత్తన్నారు."

అందరూ మళ్లీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే జాలిపడతారు, అది ఇంకా కష్టం.

సీడీ అట్ట మీద ఆవిరి వస్తున్న అన్నం గిన్నె ఉంది. నా కొడుకు బొమ్మ లేదు. వెనకవైపు చీమల్లాంటి అక్షరాల్లో పేరు ఉందని యజమానురాలు వేలు పెట్టి చూపించింది. ఒక్క సంగతి అడుగుతాను. ఆ మాట నాది. నా వంటింట్లో, నా కొడుకుతో నేను అన్న మాట. దాన్ని నూడిల్స్ డబ్బా మీదికి ఎక్కించే హక్కు మీకెవరిచ్చారు?

కోతల పని ఉంది, ఇంతే.

మికామి కియొ


తోక్యో
నవంబరు 21

ప్రియమైన ఇసాము అమ్మగారికి,

ఈసారి మొత్తం సులువు అక్షరాల్లోనే రాస్తున్నాను. మొన్నటి చీటీ అలా రాసినందుకు క్షమించండి.

మీ ఉత్తరం మా డ్రమ్మర్ గొందాకి చూపించాను. చదివి, "అమ్మ తిట్టిందంటే మనం ఇంకా ఆవిడకి మనుషుల కిందే లెక్క" అన్నాడు. అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను.

ఆల్బంలో పది పాటలూ ఇసామువే. బతికున్నప్పుడు ఆరింటికి తను గిటారు వాయించాడు. మిగతా నాలుగూ తను పోయాక, తను ఇంట్లో పాడి దాచుకున్న క్యాసెట్ విని మేం నేర్చుకున్నవి. "కె" ఆ నాలుగింట్లో ఒకటి. ఆ మాటకి అర్థం మాలో ఎవరికీ తెలియదు. తెలిసింది మీ వల్లే. తను పోయిన రోజు నేనూ గొందా వాద్యాలు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి వచ్చి, తన గది తలుపు తీయించినప్పుడు, దిండు పక్కన మీ ఆపిల్ పెట్టె ఉంది. మూత తీసి ఉంది కానీ ఒక్క పండు కూడా ముట్టుకోలేదు. పెట్టెలో వచ్చిన చీటీని తను గోడకి అంటించుకున్నాడు. దాని మీద ఒక్క అక్షరం, "కె". పళ్లతో వచ్చింది కాబట్టి తినమని అర్థం అయ్యుంటుందని అనుకున్నాం. ఆల్బం వేసిన కంపెనీలో మీ వైపు మనిషి ఒకాయనని అడిగితే, అవును, అదే అన్నాడు. అమ్మ ప్రేమగా తినమంటున్న పాట అని అందరం సంబరపడ్డాం. అట్ట మీద అన్నం గిన్నె అలా వచ్చింది. నూడిల్స్ ప్రకటన కంపెనీ వాళ్ల పని. నేను వద్దని గట్టిగా అనలేదు. అది మాత్రం నా తప్పే.

ఆల్బం మూడు లక్షలు దాటింది. ఫిబ్రవరి రెండున తను పోయి ఏడాది. ఆ సాయంత్రం ఎనిమిది వేల మంది పట్టే హాల్లో మా కచేరీ పెట్టారు. మీరు రావాలి. వేదిక మీదికి వచ్చి ఆ ఒక్క మాట మీ నోటితో అనాలి. టిక్కెట్టు పంపుతాను, స్టేషనుకి నేనే వస్తాను.

మీ
యూరి


ఇతయనగి
డిసెంబరు 14

యూరికి,

"మీరు" అని రాయడం నాకు అలవాటు లేదు. ఇకమీద "నువ్వు" అంటాను, ఏమీ అనుకోకు.

కోతలు అయిపోయాయి. మంచు మోకాలి దాకా పడింది. పొద్దున్నే గుమ్మం ముందు పారతో తోడుతున్నాను, తోడినంతా మళ్లీ పడుతోంది. ఈ పనిలో ఒక సుఖం ఉంది, ఆలోచన రాదు.

వాడి అస్థికలు ఒళ్లో పెట్టుకుని రైలెక్కినప్పుడు నువ్వు తోక్యో స్టేషనులో వంగి నిలబడ్డావు. నేను నీకు ఒక్క మాట చెప్పలేదు. పోయిన ఉత్తరంలో అడ్డంగా తిట్టాను. నీ మీద కోపం కాదు. కోపం పెట్టుకోవడానికి నువ్వు దొరికావు.

మా సంగతి నీకు వాడు చెప్పాడో లేదో. మా ఆయన పోయి మూడేళ్లు. ఇసాము వచ్చి నలభై తొమ్మిది రోజులూ ఉన్నాడు. పెద్దకర్మ అవగానే గిటారు సంచీ భుజాన వేసుకున్నాడు. బస్సు దగ్గర నేను అడిగాను.

"అయితే తోట ఒదిలేత్తావా?"

"కౌలు తోటే కదమ్మా. ఒదిలేత్తాను."

"పాటలు బువ్వ ఎడతాయా?"

"నువ్వు ఎడతావు కదేటి" అని నవ్వాడు.

అది వేళాకోళం. వాడి తరహా అదే. కానీ నాకు ఆ రోజు నవ్వు రాలేదు. "నేను ఎట్టను. ఫోన్ కూడా సెయ్యకు. నీ గొంతు నాకు ఇనబడకూడదు" అన్నాను. బస్సు ఎక్కాడు. వాడిది తండ్రి పోలిక, చెప్పినట్టు వింటాడు. నిజంగానే మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

నవంబరు వచ్చేసరికి నా మనసు ఆగలేదు. ఉత్తరం రాస్తే ఓడిపోయినట్టు. ఒక పెట్టెలో పళ్లు సర్ది, పైన చీటీ మీద "కె" అని రాసి పెట్టాను. చిన్నప్పుడు నేను పొద్దున్నే తోట పనికి పోతూ కంచం మీద మూతకి ఆనించి పెట్టే చీటీ కూడా అదే. వాడికి అర్థమైంది. కొత్త సంవత్సరానికి తోక్యో నుంచి తీపి బిళ్లల పెట్టె వచ్చింది. లోపల చీటీ, "కె". రెండేళ్లు మా తల్లీకొడుకుల మాటలన్నీ ఆ ఒక్క అక్షరమే. బాగున్నావా అన్నా అదే, కోపం పోయిందా అన్నా అదే అనుకునేదాన్ని.

పోయిన జనవరి ఇరవై దాటాక కూడా ఒక పెట్టె వచ్చింది. కొత్త సంవత్సరానిది ఒకటి అప్పటికే వచ్చింది, ఇదేంటి మళ్లీ అనుకున్నాను. వాడి చేతిలో నాలుగు రాళ్లు ఆడుతున్నాయి కాబోలు అని సంతోషపడ్డాను. నేనూ సుయె అక్కా టీ కాచుకుని రెండు రోజుల్లో తినేశాం. బదులుగా నిలవ గదిలో మిగిలిన పళ్లు పంపాను. నువ్వు చూసింది ఆ పెట్టే. ఒక్క పండైనా తినలేదని రాశావు. అది చదివి ఉత్తరం మడిచేశాను. మళ్లీ విప్పడానికి వారం పట్టింది.

నువ్వు "కె" అనే తీరు రేడియోలో మళ్లీ విన్నాను. కోపం తెచ్చుకోకు, కుక్కని అదిలించినట్టుంది. మా దగ్గర మాటలు పొట్టివి. నోరు బాగా తెరిస్తే చలి లోపలికి పోతుందని మా అత్త అనేది. "కె" అంటే తిను. "కె" అంటే ఇలా ఇవ్వు. "కె" అంటే రా. అనే తీరులో ఉంది అంతా. మాకు వినగానే తెలుస్తుంది. కాగితం మీద రాస్తే మూడూ ఒకటే.

వేదిక మీదికి నేను రాను. మూడు లక్షల మందికి తినమని చెప్పడానికి నేను ఎవరిని.

కానీ ఒకటి అడుగుతాను. ఇప్పుడు యజమానురాలి కూతురు సీడీ వాయించే తన పాత పెట్టె ఒకటి ఇచ్చింది. సీడీ మొత్తం విన్నాను. పది పాటల్లోనూ నీ గొంతే ఉంది. వాడి గొంతు ఎక్కడా లేదు. నీ గొంతు నాకు వినబడకూడదు అన్నదాన్ని నేనే. ఆ మాట వాడు ఇంత బాగా వింటాడని అనుకోలేదు. ఇంట్లో పాడి దాచుకున్నది ఉందన్నావు కదా. అది పంపు. మళ్లీ పంపించేస్తాను.

చలిలో మెడకి ఏదైనా చుట్టుకో, పాడే పిల్లవి.

కియొ


తోక్యో
జనవరి 9, 1998

ప్రియమైన కియొ అమ్మకి,

క్యాసెట్ పంపుతున్నాను. నకలు కాదు, అసలుదే. తిరిగి పంపొద్దు, అది మీదే. అట్ట మీద తేదీ తన చేత్తో రాశాడు, "జనవరి 21". అంటే తను పోవడానికి పన్నెండు రోజుల ముందు. అప్పటికే జ్వరం. మాతో ఊళ్లు తిరగడానికి రానంటే, బద్ధకం అని గొందా ఆటపట్టించాడు. ఫోన్ చేసినప్పుడల్లా "తగ్గుతోంది" అనేవాడు. ఆ జ్వరం గుండెకి పాకిందని, తను పోయాక డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. ఇది మీకు చెప్పుకునే అర్హత నాకు లేదు. అయినా చెబుతున్నాను.

మీరు వినేముందు రెండు సంగతులు.

క్యాసెట్‌లో ఒక చరణం ఉంది, ఆల్బంలో లేదు. తినమనే పాటలో అది అతకలేదని మేమే తీసేశాం.

"కుండలో అన్నం ఉంది, ఆకలి లేదు
కిటికీకి మంచు పట్టింది, తుడిచే చెయ్యి లేదు
గుమ్మంలో రెండో జత చెప్పులు పెట్టాను
కె"

చెప్పులంటే మా బృందం పేరు మీద వేళాకోళం అనుకున్నాం. ఇప్పుడు చూస్తే అలా అనిపించడం లేదు. ఎందుకో చెప్పలేను.

రెండోది, పాట మొదలుపెట్టే ముందు తను మీ మాటలో ఏదో అంటాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తనతో నేను ఎప్పుడూ తోక్యో మాటలోనే మాట్లాడాను, నాలుగేళ్లలో ఒక్కసారైనా మీ మాట నేర్పమని అడగలేదు. కంపెనీలో మీ వైపు పెద్దమనిషి ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఆల్బం కొత్త అచ్చు వేస్తున్నారు, ఆ మాటల్ని మొదటి పేజీలో వెయ్యాలని వాళ్ల ఆశ. నెలాఖరులోగా కావాలట. తను ఏమన్నాడో రాస్తారా? అచ్చు సంగతి తర్వాత. నాకు తెలుసుకోవాలని ఉంది.

కచేరీలో మొదటి వరస మధ్య సీటు మీకోసం ఉంచాను. వేదిక ఎక్కొద్దు. కూర్చుంటే చాలు.

మీ
యూరి


తోక్యో
జనవరి 26

ప్రియమైన కియొ అమ్మకి,

క్యాసెట్ అందిందా? పన్నెండో తేదీకే మీకు చేరిందని పోస్టాఫీసు వాళ్లు అంటున్నారు. ఫోన్ చేస్తే ఎవరూ తీయడం లేదు. మంచు ఎక్కువగా ఉందని వార్తల్లో చూశాను. ఒంట్లో బాగుందా? కంపెనీ వాళ్లకి నేను సర్దిచెప్పుకుంటాను. మీరు బాగున్నారని ఒక్క అక్షరం రాసినా చాలు.

యూరి


ఇతయనగి
జనవరి 28

అమ్మా యూరీ,

ఒక్క అక్షరం చాలని మాత్రం ఎవరికీ రాయకు. చాలదు.

ఒంట్లో బాగుంది. ఫోన్ మోగినప్పుడు ఇంట్లోనే ఉన్నాను. తీయలేదు.

క్యాసెట్ వచ్చిన మర్నాడు సుయె అక్క వాళ్ల చిన్న ట్రక్కులో కూర్చుని విన్నాం. క్యాసెట్ పెట్టే జాగా అందులోనే ఉంది. షెడ్డు ముందు ఆపి, వేడి కోసం ఇంజను నడుపుతూనే ఉంచింది. అద్దాల మీద మంచు పడుతోంది. సుయె అక్క ఊరికే ఉండదు కదా, "పెట్టవే పెట్టు, మీవోడు నన్ను కూడా తిడతాడేమో సూద్దాం" అంటూ మీట నొక్కింది.

ముందు దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత మాట్లాడాడు. నువ్వు అడిగినవి ఇవి. వాడు అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"అమ్మకి నిన్న ఒక్కచ్చరం రాసి పెట్టెలో ఎట్టి పంపినాను, రమ్మని. ఫోన్ సేత్తే తిడతాది. ఒస్తాదో రాదో. రైలు ఆగిపోకపోతే ఎల్లుండికి ఒచ్చేత్తాది. అందాకా ఇది పాడుకుంటాను."

తర్వాత పాట. గొంతు పెద్దది చెయ్యలేదు. గిటారు కూడా గోడ అవతల వాళ్లకి వినబడకూడదన్నట్టు మెల్లగా వాయించాడు. "కె" అన్నాడు. తిను అని కాదు. మా వాళ్లలో పసిపిల్లకైనా తెలుస్తుంది. గుమ్మంలో నిలబడి, బయట చీకటిపడుతుంటే, తోట వైపు చూసి, ఇంకా రాని మనిషిని పిలిచే "కె" అది. చిన్నప్పుడు వాడు నన్ను అలాగే పిలిచేవాడు. నేను "ఒత్తన్నా, ఒత్తన్నా" అని అక్కణ్ణించి కేకేసేదాన్ని.

సుయె అక్క మీట నొక్కి ఆపేసింది. చాలాసేపు అద్దం తుడిచే పుల్ల అటూ ఇటూ తిరిగింది.

"కియొ... ఆ పెట్టెలోయి మనం..."

"ఊఁ. తినేసినాం."

"బాగున్నాయి అని కూడా అన్నాను నేను."

"నేనూ అన్నాను."

ఆవిడ ఏడిచింది. నేను ఏడవలేదు. ఏడిస్తే తేలిక పడతానేమోనని భయం వేసింది.

నేను అప్పటి నుంచీ ఒకటే లెక్క చూస్తున్నాను. ఎల్లుండికి వస్తుంది అన్నాడు. ఆ ఎల్లుండి నేను నిలవ గదిలో మెత్తబడని పళ్లు ఏరి పెట్టెలో సర్దుతున్నాను. పైన "కె" అని రాసి పెట్టాను. రమ్మని అడిగినవాడికి అదే అక్షరం తిరిగి వెళ్లింది. తినమంది అనుకున్నాడా? లేకపోతే, నేను రాను, నువ్వే రా అంది అనుకున్నాడా? గోడకి అంటించుకుని పన్నెండు రోజుల్లో ఎన్ని రోజులు దాన్ని చూశాడో. ఏమని చదువుకున్నాడో నాకు ఎవరు చెబుతారు? సరిగ్గా రాయడం వచ్చి ఉంటే నాలుగు ముక్కలు ఎక్కువ రాసేదాన్ని అని చెప్పుకుందామనుకున్నాను. అదీ అబద్ధమే. నీకు ఇన్ని పేజీలు రాస్తున్నాను కదా. వాడికి రాయకపోవడం చదువు లేక కాదు, పొగరు.

ఇన్నాళ్లూ నీ మీద పళ్లు నూరాను. నా మాటని పాడు చేశావని, తప్పుగా అరిచావని. నీకు మా మాట రాదు. రానిదాన్ని పట్టుకుని ఏమనగలను. నాకు వచ్చు. ఆ మాట వాడికి నేర్పిందే నేను.

కంపెనీ వాళ్లకి, గొంతు సవరించుకున్నాడు, ఇంకేం లేదు అని చెప్పు. ఆ మాటలు నాకు రాసిన ఉత్తరం. ఏడాది ఆలస్యంగా అందినా నాదే. అచ్చు వెయ్యనివ్వను. అన్నం గిన్నె బొమ్మ ఉంటే ఉండనీ, నూడిల్స్ వాళ్లు పాడుకుంటే పాడుకోనీ. జనం మూడు లక్షల మంది నవ్వుతూ తింటున్నారు, వాళ్ల బువ్వలో మన్ను పొయ్యను. కొడుకు పిలిస్తే తల్లి రాలేదని వాళ్లకి తెలియక్కర్లేదు.

నువ్వు మాత్రం తెలుసుకుని పాడు. ఆ రోజు హాల్లో తీసేసిన చరణం కలిపి పాడు. ఆ మాట ఎలా అనాలో చెబుతాను, నేర్చుకో. ముందు ఊపిరి పీల్చకు, ఉన్న ఊపిరితోనే అను. నోరు సగమే తెరువు. "కె" అని పైనుంచి మొదలుపెట్టి చివర కొంచెం సాగదీసి కిందికి దించు, చేతిలో బరువు నేల మీద దించినట్టు. గట్టిగా అనొద్దు. వచ్చేవాళ్లయితే మెల్లగా అన్నా వస్తారు. అన్నాక వెంటనే రెండోసారి అనకు. జవాబు కోసం ఆగు. గొందాని కూడా కర్రలు కింద పెట్టి ఆగమను.

సీటు ఉంచానన్నావు. ఎవరికైనా ఇచ్చెయ్యి. స్టేషను నుంచి మీ ఊరికి రైలు పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఉన్నాయి. మంచు పడినా నడుస్తున్నాయి, కనుక్కున్నాను. పోయిన జనవరిలో కూడా ఒక్క రోజు ఆగలేదట. జ్వరంతో పిలిచినప్పుడు పోనిదాన్ని, చప్పట్లు కొట్టే రోజున పోయి ముందు వరసలో కూర్చోనా? ఆ సిగ్గు లేనితనం ఒక్కటైనా చెయ్యను. రెండో తేదీన ఇక్కడే పూజారి వచ్చి మంత్రం చదువుతాడు. సుయె అక్క వస్తుంది. నలుగురికి బువ్వ వండుతాను.

నీ మెడ జాగ్రత్త. జ్వరం వస్తే తగ్గుతోంది అని ఎవరికీ అబద్ధం చెప్పకు. మీ అమ్మ ఉంటే పూర్తి మాటల్లో ఉత్తరం రాయి.

ఆ మాట దగ్గర జనం అరవకుండా ఆగితే, కచేరీ అయ్యాక నాకు రాయి. అరిస్తే రాయక్కర్లేదు.

కియొ